ఆరు గంటల పట్టిక

కువైట్ సిటీలో ప్రభుత్వ ఆఫీసుల వెనక సందులో మా టైపింగ్ సెంటర్ ఉంది. పంతొమ్మిదేళ్లుగా అక్కడే కూర్చుని అరబ్బీ కాగితాలను తెలుగులోకి, తెలుగు కాగితాలను ఇంగ్లీషులోకి మారుస్తున్నాను. నా పేరు నాగేంద్రప్రసాద్, మాది రాజంపేట. మా కడప, అన్నమయ్య జిల్లాల నుంచి ఇళ్లల్లో పనికొచ్చిన ఆడవాళ్లు నన్ను ప్రసాదన్న అంటారు. అన్న అని పిలిపించుకున్నంత మాత్రాన నేనెవరికీ అన్ననై నిలబడలేదు. ఇది చివరిదాకా చదివితే మీకే తెలుస్తుంది.

వెంకటేశ్వరి గురించి రాయమని నన్నెవరూ అడగలేదు. ఆమె చేసిన పనితో పేరు తెచ్చుకున్నవాళ్ల గురించి మాత్రం అచ్చులో వచ్చింది, ఇంటర్నెట్టులో వచ్చింది. అది చూసి ఒళ్లు మండి రాస్తున్నాను.

ఆమెది పుల్లంపేట దగ్గర చిన్న పల్లె. మొగుడు రామాంజులు బావి పూడిక తీస్తుంటే మట్టి విరిగి మీదపడి పోయాడు. ముప్పై రెండేళ్ల వయసులో ఇక్కడికొచ్చింది. మిష్రెఫ్‌లో ఒకే ఇంట్లో పన్నెండేళ్లు పనిచేసింది. మొదటి ఆరేళ్లు వంట, ఇల్లు, ఇస్త్రీ. ఆ తర్వాత ఆ ఇంటి పెద్దావిడకు పక్షవాతం వచ్చింది. మక్కా యాత్ర చేసొచ్చిన మనిషి కాబట్టి ఆవిడను ఇంట్లో అందరూ హజ్జియా అనేవాళ్లు. ఒక పక్కంతా పడిపోయింది, మాట పోయింది, ముక్కులో గొట్టం వేశారు. ఆసుపత్రిలో పది రోజులున్నప్పుడు ఒక మలయాళీ నర్సు వెంకటేశ్వరికి అన్నీ నేర్పింది. గొట్టంలో పాలు ఎట్లా పొయ్యాలి, షుగరు ఎట్లా చూడాలి, పక్క ఎట్లా మార్చాలి. మంచం పట్టిన మనిషిని రెండు గంటలకోసారి తిప్పకపోతే ఒత్తిడి పడినచోట పుండు పడుతుందనీ, పడిందంటే ఎముకదాకా తినేస్తుందనీ ఆమే చెప్పింది.

ఆ మాటను వెంకటేశ్వరి మొక్కుకింద పట్టుకుంది. ఫోనులో రెండు గంటలకో అలారం పెట్టుకుంది. ఎనిమిది దిండ్లు పోగేసింది. మడమల కింద ఒకటి, మోకాళ్ల మధ్య ఒకటి, వీపు వెనక రెండు. తిప్పిన ప్రతిసారీ నడుం చివర, మడమలు, మోచేతులు చేత్తో తడిమి చూసేది. ఒకసారి నాతో చెప్పింది.

"కండ్లతో సూస్తే కనపడదన్నా. పుండు పడేముందు ఆడ తోలు యెచ్చంగా అయితాది. మన చెయ్యి ఎనకపక్కతో తాకి సూస్తే తెలిసిపోతాది. అప్పుడు ఆ పక్క మీద పండేయకూడదు, అంతే."

ఆరేళ్లలో హజ్జియా ఒంటిమీద ఒక్క పుండు పడలేదు. మూడు నెలలకోసారి ఇంటికొచ్చే డాక్టరు వీపు చూసి, ఏ నర్సును పెట్టుకున్నారని అడిగేవాడట. మా పనిమనిషేనని ఇంటావిడ చెప్పేది. వెంకటేశ్వరికి చదువు అయిదో తరగతి. ఎవరూ ఆమెకు సర్టిఫికెట్ ఇవ్వలేదు, ఆమెకున్న సర్టిఫికెట్ ఆ ముసలావిడ వీపు. అది చెడకుండా చూసుకోవడమే తన పని అనుకుంది. నేను చూసినంతలో ఆమెకు వేరే గర్వం లేదు.

పోయినేడు మే నెలలో ఆ ఇంటి అమ్మాయి లుల్వా అమెరికాలో డిగ్రీ ముగించుకుని వచ్చింది. అక్కడే మెడికల్ కాలేజీల్లో చేరాలని ఆశ. అప్లికేషన్లకు ఏడాది చేతిలో ఉంచుకుని ఇంటికొచ్చింది. మార్కులు బాగానే ఉన్నాయి, కానీ అక్కడ మార్కులొక్కటే చాలవట. పరిశోధన చేసి ఉండాలి, రోగుల దగ్గర గడిపి ఉండాలి. రెండింటికీ టైము లేదు, ఏది ఎక్కువ బరువు తూగుతుందనేది ఆ ఇంట్లో నెలరోజుల పాటు భోజనాల దగ్గర నడిచిన చర్చ. వెంకటేశ్వరి టీ పోస్తూ అంతా వింది.

ఫోనులో సలహాలిచ్చే ఒకామె రోగుల దగ్గర గడిపిన గంటలు లేకపోతే అప్లికేషన్ తెరిచి కూడా చూడరని చెప్పింది. అమ్మాయి మేనమామ పెద్ద డాక్టరు. ఆయన నవ్వాడట. రోగుల పక్కన కూర్చున్నామని ప్రతివాడూ రాస్తాడు, జర్నల్లో పేరు అచ్చయితే అది వేరే లెక్క అన్నాడు. ఇంటావిడకు, అంటే అమ్మ అనే అర్థంలో వెంకటేశ్వరి మామా అని పిలిచే ఆవిడకు, ఇంకో ఆలోచన వచ్చింది. రోగి ఇంట్లోనే ఉంది కదా, బయటికెందుకు పోవాలంది.

మన దగ్గర ఈ తంటా లేదు. నీట్‌లో ర్యాంకొస్తే సీటు, లేకపోతే ఇంకో ఏడు కోచింగు. రోగి చెయ్యి ఒక్కసారన్నా పట్టుకోకుండానే మన పిల్లలు మెడిసిన్‌లో చేరిపోతారు. అది మేలని నేననడం లేదు. చేరకముందే పట్టుకుని చూడమనే పద్ధతి మంచిదనే అనుకునేవాణ్ని, ఇది జరిగేదాకా.

లుల్వా వారంరోజులు నానమ్మ గదిలో పనిచేస్తానంది. మొదటిరోజు పొద్దున డయపరు మార్చేటప్పుడు పక్కన నిలబడింది. రెండు నిమిషాలకు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని స్నానాలగదిలోకి పరుగెత్తింది. గంటసేపు బయటికి రాలేదు. వచ్చాక వెంకటేశ్వరిని వాటేసుకుని ఏడ్చింది, నువ్వెలా చేస్తున్నావని అడిగింది. ఆ అమ్మాయి చెడ్డది కాదు. వెంకటేశ్వరికి కొత్త ఫోను కొనిచ్చింది కూడా ఆ అమ్మాయే. కానీ మర్నాడు ఆ గదిలోకి రాలేదు, ఆ మర్నాడూ రాలేదు. వారం తిరక్కుండానే పరిశోధన బరువు తూగింది.

పరిశోధన దేనిమీదో మేనమామే చెప్పాడు. కొత్తగా ఒకరకం గాలిపరుపులు వచ్చాయి. వాటిమీద పడుకోబెడితే రోగిని రెండు గంటలకోసారి తిప్పే అవసరం లేదు, ఆరు గంటలకోసారి చాలునేమో చూడాలి. బంధువుల ఇళ్లలో మంచం పట్టిన ముసలివాళ్లు హజ్జియాతో కలిపి ఆరుగురు దొరికారు. అందరికీ అవే పరుపులు వేశారు. చీట్లు తీసి ముగ్గురిని రెండు గంటలకు, ముగ్గురిని ఆరు గంటలకు కేటాయించారు. రెండు నెలలు చూస్తారు. హజ్జియాకు ఆరు గంటల చీటీ వచ్చింది. అనుమతి కాగితాల మీద మేనమామ సంతకం చేశాడు. ముసలివాళ్లను ఎవరూ అడగలేదు, అడిగినా చెప్పే స్థితిలో లేరు.

ఇక్కడ మా వాళ్ల సంగతి ఒకటి చెప్పాలి. ఒక ఇంట్లో మా జిల్లా ఆడమనిషి నమ్మకంగా కుదిరిందంటే, ఆ ఇంటి చుట్టాల ఇళ్లన్నిటికీ మా జిల్లా వాళ్లనే పిలిపిస్తారు. కాబట్టి ఆ ఆరుగురు ముసలివాళ్లను చూసేవాళ్లూ మా ఆడవాళ్లే. వాళ్లకు వచ్చిన మొదటి వారంలోనే పాతవాళ్లు నేర్పే పాఠం ఒకటుంది. మామా ఏం చెప్పినా హాదిర్ అనాలి. చిత్తం అన్నట్టు. ఎదురు చెప్పకూడదు, ఎందుకని అడగకూడదు. హాదిర్ అనేసి, తర్వాత పని మనకు తెలిసినట్టు చేసుకోవాలి. బియ్యం గంట నానబెట్టమంటే హాదిర్, నానబెట్టేది అరగంట. అన్నం బాగుంటే మామాకు సంతోషం, మనకు గొడవ లేదు. ఇట్లా నడుస్తున్నాయి కువైట్‌లో వేల ఇళ్లు.

లుల్వా పట్టిక ఇచ్చి, ఆరు గంటలకోసారి తిప్పి టిక్కు పెట్టాలని చెప్పింది. వెంకటేశ్వరి హాదిర్ అంది. మేనమామ ఇంట్లో పనిచేసే రాయచోటి హమీదా బీ హాదిర్ అంది. ఆరు గంటల చీటీ వచ్చిన మూడో ఇంటామె కూడా అదే అంది. ముగ్గురూ ఆరు గంటలకోసారి టిక్కు పెట్టారు. ముగ్గురూ రెండు గంటలకోసారి తిప్పారు.

ఆగస్టు చివర్లో లుల్వా ఆ పట్టికలన్నీ మా సెంటరుకు పంపింది. వివరాల గడిలో మా ఆడవాళ్లు తెలుగులో రాసింది ఇంగ్లీషులోకి మార్చాలి. ఆ శుక్రవారం వెంకటేశ్వరి, హమీదా బీ ఇద్దరూ నా దగ్గరికొచ్చారు. హమీదా బీ పట్టికలో నెలరోజుల టిక్కులూ ఒకే పెన్నుతో, ఒకే ఊపున పెట్టినట్టున్నాయి. ఏమమ్మా ఇది అన్నాను.

"ఇంట్లో పనే తెమలదన్నా, దినామూ యాడ రాసేది? ఒక్కతూరి కూర్చోని పెట్టేస్తి" అని నవ్వింది హమీదా బీ.

"తిప్పింది మాత్రం ఆరు గంటలకేనా?" అని అడిగాను.

వెంకటేశ్వరి నన్ను వింతగా చూసింది. "పసిబిడ్డ లాంటి మనిషిని ఆరు గంటలు ఒకే పక్కన పండేస్తారా అన్నా? ఆ పాపకేం తెలుసు, సదువుకునే పిల్ల. రాయమన్నట్టు రాసినాము, సెయ్యాల్సింది సేసినాము. ఎవురికీ నష్టం ల్యా."

నేనూ నవ్వాను. ముగ్గురం టీ తాగాం. తర్వాత కాగితంలో ఉన్నది ఉన్నట్టు ఇంగ్లీషులోకి మార్చి, తర్జుమా సరైనదేనని ముద్ర కొట్టి ఇచ్చేశాను. లేనిది రాయకూడదనేది మా వృత్తి ధర్మమని నాకు నేను చెప్పుకున్నాను. ఆ అమ్మాయికి ఒక్క ఫోను చేసి ఉంటే అయిపోయేది. నాకెందుకులే అనుకున్నాను.

ఫలితం మీరు ఊహించగలరు. రెండు గంటల వాళ్లకు పుండ్లు లేవు, ఆరు గంటల వాళ్లకూ లేవు. మేనమామ ఎగిరి గంతేశాడట. నవంబరులో జర్నల్లో అచ్చయింది. మొదటి పేరు లుల్వాది, చివరి పేరు మేనమామది. చివర ఇంటి పనివాళ్లకు కృతజ్ఞతలు అని ఒక వాక్యం ఉంది. ఇంట్లో కేకు కోశారు. వెంకటేశ్వరికి ఒక డబ్బా చాక్లెట్లు ఇచ్చారు, మామా ఆమె నెత్తిమీద ముద్దు పెట్టింది. వెంకటేశ్వరి ఆ చాక్లెట్లలో సగం తెచ్చి మా సెంటర్లో పంచింది. నేనూ తిన్నాను.

వారంలోపలే ఆ సంతోషం మొదటి కాటు వేసింది. ఆరు గంటలకోసారి తిప్పితే చాలునని తేలింది కదా, ఇక ఒక మనిషి రోజంతా ఆ గదిలో ఎందుకుండాలని మామాకు తోచింది. తోచడం తప్పు కాదు, కాగితం అదే చెబుతోంది. పట్టికను పెద్ద అక్షరాలతో అచ్చు వేయించి మంచం ఎదురుగా గోడకు అంటించారు. వెంకటేశ్వరిని చలికాలానికి వఫ్రాలో ఉన్న వాళ్ల తోట ఇంటికి పంపారు. చలి మొదలైతే చుట్టాలంతా అక్కడికి పోతారు, వండిపెట్టడానికి మంచి చెయ్యి కావాలి. హజ్జియా పనిని, మిగతా ఇంటి పనితో కలిపి, కొత్తగా వచ్చిన శివపార్వతికి అప్పజెప్పారు. ఇరవై నాలుగేళ్ల పిల్ల, సుండుపల్లి పక్కది. వెంకటేశ్వరే మాట్లాడి రప్పించింది.

పోయేముందు వెంకటేశ్వరి ఆ పిల్లను కూర్చోబెట్టి చెప్పింది. గోడమీద ఏమున్నా సరే, రెండు గంటలకోసారి తిప్పు. చెయ్యి వెనక్కి పెట్టి తాకి చూడు. ఎవరన్నా ఏమన్నా అంటే హాదిర్ అను, మళ్లీ తిప్పు. శివపార్వతి వారంరోజులు అట్లాగే చేసింది.

కానీ వెంకటేశ్వరి పోయాక ఆ గదిలో కెమెరా పెట్టారు. మామా ఫోనులో చూసి పిలిచింది. ఎన్నిసార్లు పోతావు ఆ గదిలోకి, ఆరు గంటలకోసారి చాలునని నా బిడ్డ రుజువు చేసింది, పని ఎగ్గొట్టి అక్కడ కూర్చుంటున్నావా అని తిట్టింది. మూడోసారి తిట్టినప్పుడు ఇఖామా, అంటే ఇక్కడ ఉండే పర్మిట్టు, ఇంకా కొట్టించలేదు, పంపించేస్తానంది. శివపార్వతి కొత్తది, హాదిర్ అంటే నిజంగానే చిత్తం అనుకునే రకం. ఆ రోజునుంచి పట్టికలో ఉన్నట్టు పొద్దున ఆరుకు, మధ్యాహ్నం పన్నెండుకు, సాయంత్రం ఆరుకు, రాత్రి పన్నెండుకు తిప్పింది. టిక్కు పెట్టిన ప్రతిసారీ తిప్పింది. ఆ మొత్తం కథలో పట్టికను నిజాయితీగా పాటించింది ఆ ఒక్క పిల్లే.

వఫ్రా నుంచి వెంకటేశ్వరి రోజూ ఫోను చేసేది. కొత్త పిల్ల భయపడి ఆమెకు కూడా అబద్ధం చెప్పింది, తిప్పుతూనే ఉన్నానని. జనవరి రెండో వారంలో వెంకటేశ్వరి మిష్రెఫ్ ఇంటికి తిరిగొచ్చింది. గది తలుపు తియ్యగానే వాసన. దుప్పటి లాగి చూసింది.

"యేం జెప్పాలన్నా" అంది నాతో, అరచెయ్యి చాపి చూపిస్తూ. "నడుం కింద ఇంత బొక్క. నల్లంగా. ఎముక కనపడతా ఉండాది. రెండు మడమలూ పోయినాయి. ఆరేండ్లు, అన్నా. ఆరేండ్లు నా బిడ్డను సూసుకున్నట్టు సూసుకుంటి. ఆయమ్మ నన్ను సూసి కండ్లనీళ్లు పెట్టుకునె. నోరు ల్యాదు గదా, నొప్పంటే చెప్పేదానికి."

హజ్జియాను ఆసుపత్రికి తీసుకుపోయారు. విషం రక్తంలో కలిసిందన్నారు. ఇంట్లో నేరం ఎవరిదో తేలడానికి పావుగంట కూడా పట్టలేదు. పట్టిక తప్పు కాదు, అది అచ్చయింది. కాబట్టి శివపార్వతి ఆరు గంటలకోసారి కూడా తిప్పలేదు, దొంగ టిక్కులు పెట్టింది. కెమెరాలో చూడొచ్చు కదా అంటే పాత రికార్డు వారానికే చెరిగిపోతుందట. మామా పోలీసు కేసు పెడతానంది. ఆ పిల్లను వంటగదిలో కూర్చోబెట్టి ఫోను లాక్కున్నారు.

అప్పుడు వెంకటేశ్వరి లుల్వా గదికి పోయింది. రెండు రోజుల్లో లుల్వాకు మెడికల్ కాలేజీ ఇంటర్వ్యూ ఉంది, వీడియోలో. వెంకటేశ్వరి తనకు వచ్చిన అరబ్బీలో జరిగిందంతా చెప్పింది. మేం ముగ్గురం రెండు గంటలకే తిప్పాం. నువ్వు రాయమన్నట్టు రాశాం. ఆ పిల్ల చెప్పినట్టే చేసింది, దాన్ని వదిలిపెట్టు.

లుల్వా చివరిదాకా విందట. తర్వాత, ఇంకెవరికి చెప్పావని అడిగింది. ఎవరికీ చెప్పలేదంది వెంకటేశ్వరి. అప్పుడా అమ్మాయి ఏడుపు మొదలుపెట్టింది. ఏడుస్తూనే అంది.

"నువ్వు తిప్పకుండా ఉంటే నాకు ఎండాకాలంలోనే తెలిసేది. చిన్నగా ఎర్రబడేది, ఆపేసేదాన్ని. ఆరు గంటలు సరిపోవని రాసేదాన్ని. నువ్వు అబద్ధం రాశావు, సంతకం పెట్టావు. నానమ్మకు ఈ గతి పట్టించింది నువ్వే."

"నువ్వేమన్నావు?" అని నేనడిగాను.

"అలవాటున నోట్లోనించి హాదిర్ అని వచ్చేసిందన్నా" అంది వెంకటేశ్వరి.

ఆ అమ్మాయి అన్నదాంట్లో అబద్ధం లేదు. నాకు నిద్రపట్టనియ్యనిది అదే. వెంకటేశ్వరి దయ చూపకపోయి ఉంటే, ముగ్గురిలో ఏ ఒక్కరి చర్మమైనా కొంచెం కందేది, ఆ కాగితం అచ్చయ్యేది కాదు, గోడమీద పట్టిక పడేది కాదు. కానీ నిజం తెలిసిన ఆ గంటలో లుల్వా చెయ్యాల్సిన పని ఒకటుంది. జర్నలుకు ఉత్తరం రాయడం. అది ఆమె చెయ్యలేదు. ఎల్లుండి ఇంటర్వ్యూ పెట్టుకుని ఎవరు చేస్తారు అంటారేమో. నిజమే, ఎవరూ చెయ్యరు, ముద్ర కొట్టిన నేనూ చెయ్యలేదు.

ఇంటర్వ్యూ అయిన మూడోరోజు హజ్జియా చనిపోయింది. చివరి రోజుల్లో వెంకటేశ్వరిని ఆసుపత్రికి పోనివ్వలేదు. సంతాపానికి వచ్చిన ఆడవాళ్లకు కాఫీ పొయ్యమన్నారు. మూడు రోజులూ పోసింది.

నాలుగోరోజు పనిమీద బయటికొచ్చినట్టు వచ్చి నా కౌంటరు ముందు కూర్చుంది. మనిషి సగమైపోయింది.

"అన్నా, అరబ్బీలో ఒక కాగితం రాయాల. జరిగిందంతా. పట్టీలో రాసింది తప్పనీ, తిప్పింది నేననీ, శివపార్వతి తప్పేం ల్యాదనీ."

"ఇది ఇచ్చినావంటే నీ మెడకే చుట్టుకుంటాది" అన్నాను. "దొంగ లెక్క రాసినానని నీ చేత్తో నువ్వే ఒప్పుకున్నట్టు. పెద్దామె ప్రాణం పోయింది. వాళ్లు పెద్దోళ్లు."

"మరి ఆ పిల్లను ఏం జేద్దాం? చెప్పినట్టు చేసినోళ్లను జైల్లో ఏస్తే, చెప్పినట్టు చెయ్యనోళ్లు ఇంట్లో కూర్చోని టీ తాగేదా? రాయి అన్నా, నువ్వు రాయి."

రాశాను. ఒకటిన్నర పేజీ వచ్చింది. చదివి వినిపించాను, తెలుగులో సంతకం పెట్టింది. ఆ కాగితంలో ఒక్క ముక్క మాత్రం రాయలేదు. పట్టికలు తప్పని ఆగస్టులోనే నాకు తెలుసన్నది. ఆమె రాయమని అడగలేదు, నేను గుర్తు చెయ్యలేదు. నా లైసెన్సు గురించి ఆలోచించాను. సిగ్గు లేకుండా చెబుతున్నాను.

మామా ఆ కాగితం చదివి కేకలెయ్యలేదట. రెండోసారి చదివింది. దీన్ని ఇంకెవరు చదివారని అడిగింది, సరిగ్గా కూతురు అడిగినట్టే. రాసినాయన ఒక్కడేనంది వెంకటేశ్వరి. ఆ సాయంత్రమే మేనమామ వచ్చాడు. తలుపు వేసుకుని మాట్లాడుకున్నారు. మర్నాడు డ్రైవరు రెండు టిక్కెట్లు తెచ్చాడు. పోలీసు కేసు లేదు, విచారణ లేదు, ఖలాస్. ఇద్దరూ పోవాలి, మళ్లీ ఈ దేశానికి రాకూడదు. ఈ విషయం బయటికొస్తే వెంకటేశ్వరి రాసిన కాగితం పోలీసులకు పోతుంది. శివపార్వతిని కాపాడబోయి ఆమె ఇచ్చిన నిజాన్ని వాళ్లు జాగ్రత్తగా బీరువాలో పెట్టుకున్నారు, ఆమెమీదే వాడుకోవడానికి.

పన్నెండేళ్ల సామాను రెండు సంచుల్లో పట్టింది. విమానాశ్రయానికి నేను పోలేదు. పనుందని చెప్పాను.

మార్చిలో లుల్వాకు సీటొచ్చింది. ఆ తర్వాత ఒక వీడియో పెట్టింది, తనలాగే అప్లికేషన్ పెట్టుకునే పిల్లలకు సలహాలిస్తూ. మా సెంటర్లో పక్క సీటు కుర్రవాడి చెల్లెలు మెడిసిన్ అంటోంది, వాడు నాకు చూపించాడు. పరిశోధన ముఖ్యమా, రోగుల దగ్గర అనుభవం ముఖ్యమా అని ఎవరో అడిగారు. ఆ అమ్మాయి, రెండూ విడివిడిగా చూడకండి, నా పరిశోధన నా నానమ్మ మంచం పక్కనే పుట్టింది అంది. నానమ్మను తన చేతులతో చూసుకున్నానంది. ఇంటర్వ్యూలో కష్టమైన ప్రశ్న అడిగారట, రోగిని పోగొట్టుకోవడం అంటే ఏమిటో తెలుసా అని. ఆరోజు నానమ్మ ఆసుపత్రిలో ఉంది, పడకపుండు విషమించి ఉంది, పనిమనిషి నిర్లక్ష్యం, నేను ఆ పుండు గురించే మాట్లాడాను, వాళ్ల కళ్లల్లో నీళ్లు తిరిగాయి అంది. చెబుతుంటే ఆమె కళ్లల్లోనూ నీళ్లున్నాయి. అవి దొంగ కన్నీళ్లు కావు, నేను రెండుసార్లు చూశాను. ఎద్దు పుండు కాకికి ముద్దు అని మా అమ్మ అనేది. వీడియో కింద నలభైవేల మంది గుండె బొమ్మలు పెట్టారు.

పోయిన శుక్రవారం వెంకటేశ్వరికి ఫోను చేశాను. ఊళ్లో టమోటా తోటల్లో కూలికి పోతోంది. శివపార్వతిని ఇంట్లోవాళ్లు సూటిపోటి మాటలతో పొడుస్తున్నారట, పోయిన మూడు నెలలకే ముసలామెను చంపి వచ్చిందని ఊరంతా చెప్పుకుంటున్నారట. ఎవరు చెప్పారో తెలియదు. వెంకటేశ్వరి నిజం చెప్పినా ఎవరూ నమ్మడం లేదు, తను రప్పించిన పిల్లను వెనకేసుకొస్తోంది అంటున్నారు. హమీదా బీ ఎట్లా ఉందని అడిగింది. ఆ ఇంట్లో కూడా కెమెరా పెట్టారు, ఇప్పుడు ఆరు గంటలకే తిప్పుతోందని చెప్పాను.

"ఆ పాపకు సీటొచ్చిందా అన్నా?"

"వచ్చింది" అన్నాను.

"మంచిదిలే. తెలివైన పిల్ల." ఆ వెంటనే అడిగింది. "డాక్టరయినాక ఆ పాప, మంచంలో ఉండేవాళ్లను ఎన్ని గంటలకోతూరి తిప్పమని చెప్తాదంటావు?"

నేను నోరు తెరిచేలోపే ఆమే అందుకుంది.

"ఆరనే చెప్తాదిలే" అంది వెంకటేశ్వరి. "అచ్చేసిండారు గదా. చెప్పక యేం జేస్తాది."

ఫోను పెట్టేశాక మా యజమాని ఒక కాగితం నా ముందు పెట్టాడు. వృద్ధులను చూసుకునే పనిమనుషులకు ఇవ్వడానికి ఎవరో అరబ్బీలో తయారుచేసిన సూచనలు, తెలుగులోకి మార్చాలి. మూడో సూచన రోగిని తిప్పడం గురించి, దాని దగ్గర ఆ జర్నల్ పేరు, లుల్వా పేరు ఉన్నాయి. బయట మనిషి నిలబడి ఉన్నాడు, తొందరగా కావాలన్నాడు. ప్రతి ఆరు గంటలకు ఒకసారి అని టైపు చేసి, ముద్ర కొట్టి ఇచ్చాను.